సాగర్ పవర్‌హౌస్‌లో ఏడాది అప్రెంటిస్‌గా

మా హిల్ కాలనీలో "ఇయ్యాల ఎంతుంది?" అని ఎవరైనా అడిగితే డ్యాంలో నీళ్ల లెవెల్ ఎంతని అర్థం. టీ కొట్టు దగ్గరైనా, చేపలమ్మే చోటైనా, బస్టాండులోనైనా జవాబు అడుగుల్లోనే వస్తుంది. 590 అంటే నిండుకుండ. 510 అంటే డెడ్ స్టోరేజీ, అంతకన్నా కిందున్న నీళ్లను మామూలుగా వాడుకోలేం. 2024 మార్చిలో నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌గా చేరిన రోజు పొద్దున మా తాత కూడా అదే అడిగాడు. లెవెల్ బాగా కిందికి పోయిందని చెప్పాను. "నీళ్లే లేనప్పుడు మిషిన్లు ఏడ తిరుగుతయి? నువ్ పోయి ఏం నేర్సుకుంటవు బిడ్డా?" అన్నాడు. నాకూ అదే దిగులుగా ఉండేది. కానీ మిషన్ ఆగి ఉన్నప్పుడే దాని కడుపులోకి దిగి చూడగలమని నెల తిరిగేసరికి అర్థమైంది.

నా తర్వాత ఐటీఐ చదువుతున్న పిల్లలు, ముఖ్యంగా ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఉన్న అమ్మాయిలు, "అక్కా, అప్రెంటిస్ అంటే అక్కడ ఏం చేయిస్తారు?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ పాసయ్యాక ఏడాది అప్రెంటిస్‌షిప్ ఉంటుంది. దానికి కేంద్రప్రభుత్వ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆధార్, టెన్త్ మెమో, ఐటీఐ సర్టిఫికెట్, మూడింట్లో పేరు ఒకేలా ఉండాలి. నా ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడింది. అది నేను చూసుకోలేదు, ఇచ్చినవాళ్లూ చూడలేదు. దాంతో దరఖాస్తు వెనక్కి వచ్చింది. సరిచేయించడానికి రెండు నెలలు పట్టింది. నోటరీ కాగితం, టెన్త్ మెమో నకళ్లు, బస్సు చార్జీలు, "సార్ లేరు, రేపు రండి" అనే మాట వినడం... ఆ రెండు నెలల టెన్షన్‌లో ఒకసారి వదిలేద్దామని కూడా అనిపించింది. అమ్మే పట్టుబట్టి మళ్లీ పంపింది. అందుకే చెబుతున్నాను. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే, ఆ కౌంటర్ ముందే నిలబడి ప్రతి అక్షరం చూసుకోండి.

ఆ తర్వాత అంతా త్వరగానే జరిగిపోయింది. ఒప్పందం, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు, గేటు పాసు, హెల్మెట్, సేఫ్టీ షూ. అప్పట్లో, అంటే 2024లో, నెలకు 8,050 రూపాయల స్టైపెండ్. మా బ్యాచ్‌లో ఇద్దరమే అమ్మాయిలం.

చిన్నప్పటి నుంచి పవర్‌హౌస్‌ను కొత్త బ్రిడ్జి మీద నుంచే చూశాను. పక్కనే అంత పెద్ద డ్యాం ఉండటంతో అది చిన్న బిల్డింగ్‌లా కనిపిస్తుంది. లోపలికి అడుగు పెడితే గానీ దాని పొడవెంతో తెలియలేదు. ఎనిమిది యూనిట్లు వరసగా ఉంటాయి. మొదటిది 110 మెగావాట్ల మామూలు టర్బైన్. మిగతా ఏడూ ఒక్కోటి 100.8 మెగావాట్లు, రెండువైపులా తిరగగలిగేవి. అన్నీ కలిపితే 815.6. మొదటి యూనిట్ 1978లో, చివరిది 1985లో వచ్చాయి. అంటే వాటిలో అన్నిటికన్నా చిన్నది కూడా నాకంటే చాలా పెద్దది. పైన మనకు కనపడేది జనరేటర్ అంతస్తు ఒక్కటే. అసలు పవర్‌హౌస్ అంతా కిందే ఉంటుంది. మెట్లు దిగుతున్నకొద్దీ టర్బైన్ అంతస్తు, దాని కింద పైపులు, పంపులు, ఇంకా కిందికి పోతే గోడలు చెమ్మగా తగులుతాయి. గోడ అవతల కృష్ణ ఉందన్న సంగతి అక్కడ మర్చిపోవడం కుదరదు.

మొదటి రెండు వారాలు ఏ పనిముట్టూ ముట్టుకోనివ్వలేదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపాం, పని చేసుకోవచ్చనే అనుమతి) ఎలా తీసుకోవాలి, ఎవరి సంతకం లేకుండా ఏ స్విచ్ దగ్గరికి పోకూడదు, ఎర్త్ రాడ్ ఎక్కడ వేయాలి, ట్యాగ్ వేలాడుతుంటే దానర్థమేమిటి, ఇదే నేర్పారు. ఐటీఐలో ఇవన్నీ రాసి మార్కులు తెచ్చుకున్నవే. కానీ జనరేటర్ కరెంటును మోసుకెళ్లే బస్‌డక్ట్ పక్కన నిలబడి వింటుంటే అవే మాటలు ఒంట్లోకి ఎక్కుతాయి.

నన్ను ఒక పెద్దాయన దగ్గర వేశారు. మాచర్ల వైపు మనిషి, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. సార్ అనే పిలిచేదాన్ని. ఆయన "అమ్మా" అనేవారు. మూడో వారంలో సాయంత్రం పీక్ టైములో ఒక యూనిట్ కొద్దిసేపు నడిచింది. ఆయన నన్ను టర్బైన్ అంతస్తుకు తీసుకుపోయి పొడుగాటి స్క్రూడ్రైవర్ ఇచ్చారు. దాని మొనను బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, చెక్క పిడిని చెవి వెనక ఎముకకు ఆనించమన్నారు.

"ఏం వినపడుతోందమ్మా?"

హోరు తప్ప ఏమీ తెలియడంలేదని చెప్పాను.

"ఇది మంచి సప్పుడు. దీన్ని బాగా గుర్తుపెట్టుకో. రేపు తేడా వస్తే అప్పుడు తెలుస్తుంది" అన్నారు.

కంట్రోల్ రూంలో బేరింగ్ ఉష్ణోగ్రతలు, వైబ్రేషన్ అన్నీ తెర మీద కనిపిస్తాయి. గంటగంటకూ లాగ్ షీట్‌లో రాస్తాం కూడా. అయినా ఆయన రోజూ ఒకసారి స్క్రూడ్రైవర్ పట్టుకుని కిందికి దిగేవారు. నేనూ ఆయన వెనకే దిగేదాన్ని.

ఆ రోజు ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే తాత లేచి కూర్చున్నాడు. ఎనభైకి దగ్గర పడ్డాడు, మామూలుగా సాయంత్రాలు మంచం దిగడు. పాలమూరు నుంచి వాళ్ల అయ్య వెంట వచ్చేనాటికి పదమూడో పద్నాలుగో ఏళ్లవాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన పైలాన్ పేరు మీదే పైలాన్ కాలనీ వచ్చింది. తాతవాళ్లు వచ్చేసరికి గోడ ఏటి మట్టం నుంచి లేస్తోంది. యంత్రాలు, కాంక్రీటు అంటే విదేశీ మారకం కావాలి. అందుకని రాతికట్టడంగా కట్టాలనుకున్నారు. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు గోడను మనుషుల చేతులతో లేపారు. మా ముత్తాత రాయి మోశాడు, ముత్తవ్వ మాలు తట్టలు మోసింది. పరంజా కర్రల మీద చీమల బారులా ఆడా మగా ఎక్కడం, దిగడం. తాతను మొదట్లో నీళ్లు పోయడానికి పెట్టారు, తర్వాత మేస్త్రీ దగ్గర వేశారు.

"మా మేస్త్రి కూడ గిట్లనే నేర్పిండు. రాయిని సుత్తెతోని కొడితే కంగుమనాలె. బద్దుమన్నదంటే లోపల పగులున్నట్టు. పైకి ఎంత నున్నగ ఉన్నా సరే, పక్కన పడేసేది" అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. కూలీగా పనిచేశాడని తెలుసు గానీ, ఆ పనిలో ఏం నేర్చుకున్నాడో అడగాలని తోచలేదు. ఆ రాత్రి మా ఇద్దరి మధ్యా మాటలు చాలాసేపు నడిచాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఊరు వెలవెలపోయింది. నీళ్లు డెడ్ స్టోరేజీ దరిదాపుల్లోకి దిగిపోయాయి. హైదరాబాద్ తాగునీటి కోసం పుట్టంగండి దగ్గర అత్యవసర పంపులు పెట్టి తోడాల్సి వచ్చింది. ఒడ్డున ఎప్పుడూ చూడని రాళ్లు బయటపడ్డాయి. టూరిస్టులు తగ్గి, చేపలు వేయించే బండ్లు సగం మూతపడ్డాయి. ఆ రెండు నెలల్లోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

యూనిట్ మరమ్మతుకు తీసుకున్నప్పుడు ముందు పైన గేటు దింపి పెన్‌స్టాక్‌లోకి, అంటే డ్యాం నుంచి టర్బైన్‌కు నీళ్లు తెచ్చే పెద్ద గొట్టంలోకి, నీళ్లు రాకుండా ఆపుతారు. కింద నీళ్లు బయటికి పోయే దారిలో డ్రాఫ్ట్ ట్యూబ్ గేటు వేస్తారు. మధ్యలో మిగిలిన నీటిని పంపులతో తోడతారు. అంతా ఖాళీ అయ్యాక మ్యాన్‌హోల్ తెరుస్తారు. లోపలికి దిగేముందు గాలి ఆడుతోందో లేదో చూస్తారు, 24 వోల్టుల దీపాలే వాడతారు. తడి ఇనుము మధ్య 230 వోల్టుల దీపం పెడితే ప్రాణానికే ప్రమాదం.

నేను స్పైరల్ కేసింగ్‌లోకి, అంటే టర్బైన్ చుట్టూ నీళ్లు తిరిగే గొట్టంలోకి, మోకాళ్ల మీద పాక్కుంటూ పోయాను. లోపలికెళ్లాక నిటారుగా నిలబడ్డా పైన బోలెడంత చోటు. పెద్ద నత్తగుల్ల లోపల నడుస్తున్నట్టుంటుంది, ముందుకు పోయేకొద్దీ సన్నబడుతూ తిరుగుతుంది. నాచు వాసన, తడి ఇనుము వాసన. ఒకచోట గుంటలో రెండు చిన్న చేపలు చచ్చి ఉన్నాయి. ఎన్ని వందల టీఎంసీలు ఈ దారిన పోయి ఉంటాయో అనుకుంటూ గోడ మీద చెయ్యి వేశాను. చల్లగా, కాస్త గరుకుగా ఉంది. గైడ్ వేన్లు వరసగా నిలబెట్టిన తలుపుల్లా ఉన్నాయి. అవి ఎంత తెరుచుకుంటే అంత నీరు, అంత కరెంటు. వాటి సందులోంచి టార్చి వేస్తే రన్నర్, అంటే నీటి తాకిడికి తిరిగే రెక్కల చక్రం, కనపడింది.

రన్నర్ రెక్కల మీద మశూచి మచ్చల్లాంటి గుంటలు ఉన్నాయి. కేవిటేషన్. ఒత్తిడి పడిపోయిన చోట నీటిలో బుడగలు పుట్టి, మళ్లీ ఒత్తిడి పెరగ్గానే రెక్క మీదే పేలతాయి. ఒక్క బుడగను లెక్కచేయక్కర్లేదు. కానీ అవి కోట్ల కొద్దీ పేలితే స్టీలు తిన్నట్టవుతుంది. పుస్తకంలో బొమ్మ చూశాను గానీ, వేలు పెడితే మొదటి కణుపుదాకా దిగిన గుంట చూసినప్పుడు వెన్నులో వణుకు పుట్టింది. నీళ్లు స్టీలును తినేస్తాయని ఎవరు అనుకుంటారు? వెల్డర్లు రోజుల తరబడి వెల్డింగ్‌తో ఆ గుంటలు నింపారు. తర్వాత రెక్క వంపు చెడకుండా గ్రైండ్ చేశారు. ఆ వంపు చెడితే మళ్లీ అక్కడే బుడగలు పుడతాయి.

నా వంతు పని పైన జనరేటర్ దగ్గర. తిరిగే రోటర్‌కు కరెంటు అందించే స్లిప్ రింగుల మీద కార్బన్ బ్రష్‌లు ఎంత అరిగాయో కొలవడం, అరిగినవి మార్చడం, కొత్త బ్రష్ రింగు వంపుకు సరిపోయేలా గరుకు కాగితంతో రుద్దడం, స్ప్రింగు ఒత్తిడి చూడటం. మెగ్గర్ అనే మీటరు పెట్టి వైండింగ్ ఇన్సులేషన్ కొలిచినప్పుడు రీడింగులు రాయడం. కార్బన్ పొడితో సాయంత్రానికి చేతులు బొగ్గులా అయ్యేవి, గోళ్లలో నలుపు ఆదివారానికి గానీ పోయేది కాదు.

ఒక్క తప్పు చేశాను, అదీ చెప్పాలి. మ్యాన్‌హోల్ దగ్గర పనిముట్ల రిజిస్టర్ రాసే బాధ్యత ఒకరోజు నాది. లోపలికి పోయిన ప్రతి స్పానర్, ప్రతి టార్చి రాయాలి, బయటికొచ్చినప్పుడు టిక్కు పెట్టాలి. సాయంత్రం మూసేముందు లెక్క చూస్తే ఒక స్పానర్ తక్కువ. నేను రాయడంలో పొరపాటు చేశానా, నిజంగానే లోపల ఉండిపోయిందా తెలియదు. ఇంజినీరు సార్ ఒక్క మాట కూడా కోప్పడలేదు. "దొరికేదాకా మూయం" అన్నారు అంతే. ఆరుగురు మనుషులు మళ్లీ లోపలికి దిగి గంటన్నర వెతికారు. తాత్కాలికంగా వేసిన చెక్క ప్లాట్‌ఫాం అంచున దొరికింది. అది లోపలే ఉండిపోయి యూనిట్ తిరిగి ఉంటే రెక్కల గతి ఏమయ్యేదో ఆ రాత్రంతా తలుచుకుంటూనే ఉన్నాను. ఆ తర్వాత రిజిస్టర్ ఎవరి చేతిలో ఉన్నా నేనూ మనసులో ఒక లెక్క వేసుకునేదాన్ని.

జూలై రెండో సగంలో ఎగువన వానలు పడ్డాయి. ముందు జూరాల, తర్వాత శ్రీశైలం. ఊళ్లో అందరి మొహాలూ మారిపోయాయి. రోజూ లెవెల్ పెరుగుతుంటే తాత పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అడిగేవాడు. డెడ్ స్టోరేజీ దగ్గర్నుంచి గేట్లు ఎత్తేదాకా పక్షం రోజులకు అటూ ఇటూగా పట్టింది, అంతే. స్పిల్‌వే అంచు 546 అడుగుల దగ్గర ఉంటుంది, నీళ్లు దాన్ని దాటితేనే గేట్లకు తగులుతాయి. అక్కడి నుంచి 590 దాకా ఆ నీటిని ఆపేవి 26 గేట్లు.

మరమ్మతు అయిన మా యూనిట్‌ను మళ్లీ నడిపే రోజు నాకు కంట్రోల్ రూంలో నిలబడే అవకాశం వచ్చింది. చాలాకాలం ఆగి ఉన్న రోటర్‌ను వెంటనే తిప్పకూడదు. తిరిగే బరువంతా మోసే థ్రస్ట్ బేరింగ్ మీద వందల టన్నులు కూర్చుని నూనె పొరను పిండేసి ఉంటుంది. అందుకని ముందు ఒత్తిడితో నూనె పంపి రోటర్‌ను వెంట్రుకవాసి పైకి లేపుతారు. తర్వాత కూలింగ్ వాటర్, బ్రేకులు వదలడం, వేగాన్ని అదుపు చేసే గవర్నర్‌తో గైడ్ వేన్లు కొద్దికొద్దిగా తెరవడం. కింద నుంచి మొదట మూలుగులాంటిది వినపడింది, మెల్లగా అది హోరుగా మారింది. వేగం అందుకున్నాక ఎక్సైటేషన్ ఇచ్చారు, అంటే రోటర్ చుట్టలకు కరెంటు పంపి దాన్ని అయస్కాంతం చేశారు. వోల్టేజీ లేచింది.

ఇక సింక్రోస్కోప్, యూనిట్ గ్రిడ్‌తో కలిసిందో లేదో చూపే మీటరు. మన యూనిట్ గ్రిడ్‌తో పాటే 50 హెర్ట్జ్‌లో తిరగాలి, రెండు తరంగాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. ముల్లు గడియారంలా నెమ్మదిగా తిరుగుతోంది. పన్నెండు దగ్గరికి వస్తున్నప్పుడు బ్రేకర్ పడాలి. ఆపరేటర్ సార్ "చూస్తుండమ్మా" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ముల్లు పైకొచ్చింది. టక్కుమని ఒక్క శబ్దం. మెగావాట్ మీటరు కదిలింది. ఎప్పుడు ఎంత కరెంటు కావాలో చెప్పే లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి ఫోను మోగింది. బొగ్గు కేంద్రం చల్లారి ఉంటే లేపడానికి గంటలు పడుతుంది, ఇక్కడ కొన్ని నిమిషాల్లో అయిపోయింది. సాయంత్రం రాష్ట్రమంతా ఒకేసారి లైట్లు వేసుకున్నప్పుడు జలవిద్యుత్ ఎందుకు కావాలో ఆ గదిలో నిలబడ్డాక నాకు నిజంగా అర్థమైంది.

పెద్దాయన ఫోను సంగతి పట్టించుకోలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని "రా" అన్నారు. ఇద్దరం కిందికి దిగాం. ఈసారి ముందు నాకే ఇచ్చారు. చెవికి ఆనించాను. హోరు. దానికింద సన్నగా, ఎగుడుదిగుళ్లు లేకుండా ఒకే తీరున సాగే శబ్దం. మార్చిలో విన్నదే.

"మంచిదే సార్" అన్నాను. ఆయనా విని తలూపారు. లాగ్‌షీట్‌లో ఆ గంట రీడింగులు నా చేతే రాయించారు.

ఆగస్టు 5న గేట్లు ఎత్తారు. హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరాయి, పైలాన్ దగ్గర నడవడానికి కూడా సందు లేదు. మా వాట్సాప్ అంతా వీడియోలే. నేను ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టులో టర్బైన్ అంతస్తులో ఉన్నాను. పైన ఏం జరుగుతోందో తెలియదు. టర్బైన్ నీళ్లు బయటికి పోయే టెయిల్‌రేస్ వైపు నీటిమట్టం పెరిగిపోయి అంకెలు మారడం ఒక్కటే తెలిసింది. నదిలో నీరు లేచినప్పుడు పైన నీటికీ కింద నీటికీ తేడా తగ్గుతుంది, అప్పుడు అదే నీటితో వచ్చే కరెంటూ తగ్గుతుంది. ఊరంతా గేట్ల వైపు చూస్తుంటే మేం ఆ తేడాను చూసుకుంటూ గడిపాం. రాత్రి పదింటికి బయటికొస్తే గాలి నిండా తుంపరలు. ఇల్లు చేరేసరికి బట్టలు తడిసిపోయాయి.

మిగతా నెలలు షిఫ్టుల్లో తొందరగా గడిచిపోయాయి. ఏడు యూనిట్లు రెండువైపులా తిరుగుతాయని తాతకు చెబితే మాత్రం నమ్మలేదు. "కిందికి పోయిన నీళ్లను మళ్ల పైకి ఎక్కిస్తరా?" అన్నాడు. కింద 21 కిలోమీటర్ల దూరంలో సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ అనే ఇంకో చిన్న డ్యాం కట్టారని, అక్కడ ఆపిన నీరు వెనక్కి డ్యాం పాదం దాకా నిలుస్తుందని, కరెంటు మిగిలిన వేళ అదే మిషన్ వెనక్కి తిరిగి మోటారై నీళ్లను పైకి తోడుతుందని, గిరాకీ ఉన్న వేళ మళ్లీ కిందికి వదులుతారని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

2025 మార్చిలో నా ఏడాది పూర్తయింది. ట్రేడ్ టెస్ట్ రాయాలి, ఆ తర్వాత జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. దాంతో ఉద్యోగం వస్తుందన్న హామీ ఏమీ లేదు, చేరేటప్పుడే ఒప్పందంలో ఆ మాట రాసి ఉంటుంది. నోటిఫికేషన్ల కోసం చదువుకుంటూనే ఉన్నాను. చివరి రోజు పెద్దాయన తన స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టారు. చెక్క పిడి చెవి తగిలే చోట నున్నగా అరిగిపోయి ఉంది.

మర్నాడు తాతను ఆటోలో కొత్త బ్రిడ్జి మీదికి తీసుకుపోయాను. రెయిలింగ్ పట్టుకుని నిలబడి, ఎడమ ఒడ్డు వైపు గోడలో తాను పనిచేసిన చోటు ఎక్కడిదో చాలాసేపు వెతికాడు. సరిగ్గా గుర్తుపట్టలేకపోయాడు. తర్వాత పవర్‌హౌస్ వైపు చూపించి "నీ మిషిన్ ఏది?" అన్నాడు. లోపల ఉంటుంది, ఇక్కడికి కనపడదన్నాను. గోడ పాదం దగ్గర ఒకచోట నీళ్లు తెల్లగా పొంగుతుంటే వేలు పెట్టి చూపించాను. అది తిరుగుతోందనడానికి అదే గుర్తు.

"సప్పుడు మంచిగుండెనా?" అన్నాడు తాత.

"మంచిగుండె తాతా. నిన్న పొద్దుగాల గూడ విన్న."